సముద్రపు గడ్డి పరిశోధనల ధోరణి తీస్తుంటే మ్యాప్ ముద్దగా వస్తోంది, ఏం చేయాలి?

సిక్కోలు తీరం:
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి 1990 నుంచి సముద్రపు గడ్డి మీద ప్రపంచంలో వచ్చిన పేపర్ల ధోరణి తీస్తున్నాం. పరిశోధన పేపర్ల సూచిక స్కోపస్‌లో ‘సీగ్రాస్’, దాని రకాల పేర్లు ‘జోస్టెరా’, ‘హాలోఫిలా’, ‘ఈల్‌గ్రాస్’ కొట్టి దించుకున్నాం. సంబంధం లేని బ్యాక్టీరియా పేపర్లు బోలెడు వచ్చిపడ్డాయి. పేపర్లలో ఏ మాటలు కలిసి వస్తాయో మ్యాప్ గీసే వీఓఎస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌లో, ఒక్కో మాటకు ఒక్కో చుక్క చొప్పున వచ్చినవన్నీ ఒకేచోట ముద్దకట్టాయి. పైగా దీన్ని శ్రీకాకుళం తీరానికి ముడిపెట్టమని గైడుగారు అంటున్నారు. ఎక్కడ సరిచేయాలి?

వంశధార ఒడ్డు:
బ్యాక్టీరియా గొడవ ‘హాలోఫిలా’ వల్లే. ఉప్పును ఇష్టపడేది అని ఆ మాటకు అర్థం. హాలోరోడోస్పైరా హాలోఫిలా లాగా ఉప్పులో బతికే చాలా సూక్ష్మజీవుల పేర్లలో అది రెండో మాటగా ఉంటుంది. అందుకని ‘హాలోఫిలా ఒవాలిస్’, ‘హాలోఫిలా బెక్కరీ’ అని పూర్తి పేర్లు కొటేషన్లలో పెట్టి వెతకండి. ‘ఈల్‌గ్రాస్’ని మంచినీటి మొక్క వాలిస్నేరియాకీ వాడతారు. వాలిస్నేరియాని ‘నాట్’తో (ఈ మాట ఉన్నవి వద్దని చెప్పే ఆదేశం) గుడ్డిగా తీసేస్తే రెండింటినీ పోల్చిన పేపర్లూ పోతాయి. తీసేసినవాటిలో ఓ యాభై శీర్షికలు కళ్లతో చదవండి. ‘సీ గ్రాస్’ అని విడదీసి రాసినవీ కలుపుకోండి.

ముద్దకట్టడానికి అసలు కారణం ‘సీగ్రాస్’ అనే చుక్కే. అది అన్నిటితోనూ కలిసి వస్తుంది కనుక అన్నిటినీ తనవైపు లాగేస్తుంది. మ్యాప్‌లోంచి దాన్ని తీసేసి, ఫ్రాక్షనల్ కౌంటింగ్ (ఎక్కువ మాటలున్న పేపరు బరువు తగ్గించే లెక్క) పెట్టండి. ‘సీగ్రాస్ బెడ్’, ‘సీగ్రాస్ మెడో’ లాంటి ఒకే అర్థమున్న మాటలు కలపడానికి థిసారస్ ఫైలు (ఏ మాట బదులు ఏది వాడాలో చెప్పే జాబితా) కావాలి. మామూలు టెక్స్ట్ ఫైలే: మొదటి వరసలో ‘లేబుల్’, ‘రీప్లేస్ బై’ అని ఇంగ్లీషులో, మధ్యలో ట్యాబ్. స్పేసులు కొడితే ఫైలు చదవదు. ‘బ్లూ కార్బన్’ని (సముద్రం, తీరపు మొక్కలు పట్టి ఉంచే కర్బనం) మాత్రం ‘కార్బన్ సీక్వెస్ట్రేషన్’లో (కర్బనాన్ని పట్టి నిల్వ చేయడం) కలపకండి తమ్ముడూ. 2009లో ఐరాస పర్యావరణ సంస్థ నివేదిక తర్వాతే ఆ మాట వ్యాపించింది. కలిపేస్తే మలుపు ఎప్పుడొచ్చిందో చెరిగిపోతుంది.

గోస్తని:
పేపర్లు పెరిగాయని గ్రాఫు గీసి ఆగిపోవద్దు. అన్ని శాస్త్రాల్లోనూ పెరిగాయి. ఆ ఏడాది సముద్ర జీవావరణంలో వచ్చిన మొత్తం పేపర్లతో భాగించి చూపండి. ఇంకా పూర్తికాని ఏడాదిని కత్తిరించండి, లేకపోతే చివర గీత పడిపోయినట్టు కనిపిస్తుంది.

మలుపుల దగ్గర కారణం రాయండి. 1980 నుంచి ఏటా 110 చదరపు కిలోమీటర్ల గడ్డి పోయిందని వేకాట్ బృందం 2009లో లెక్కకట్టింది. ఈ గడ్డి కింది మట్టిలో ఎంత కర్బనం ఉందో 2012లో ఫోర్కరీన్ బృందం ప్రపంచస్థాయిలో అంచనా వేసింది. నష్టం నుంచి కర్బనం వైపు మొగ్గు అక్కడ కనిపించాలి. దేశాలవారీ పటంలో ఇంకో సంగతి చూడండి: జాతులు ఎక్కువున్నది ఆగ్నేయాసియాలో, పేపర్లు ఎక్కువున్నది చల్లటి ఉత్తర సముద్రాల జోస్టెరా మెరీనా, మధ్యధరా సముద్రపు పొసిడోనియా ఓషియానికా మీద. నా దృష్టిలో మీ ప్రాజెక్టుకు ప్రాణం ఈ తేడాయే.

చింతపల్లి దీపస్తంభం:
మన దగ్గర బయటి తీరమంతా అలలు నేరుగా విరిగే ఇసుక. గడ్డి వేరు పట్టదు. వెతకాల్సింది లోపల: కళింగపట్నం దగ్గర వంశధార మొగ, నౌపడ ఉప్పుటేర్లు. అలాంటి బురదలో పెరిగేది హాలోఫిలా బెక్కరీ. ఆకు సెంటీమీటరు చుట్టుపక్కలే, పైన మట్టి పేరుకుంటే పక్కనే నిలబడ్డా కనిపించదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ‘వల్నరబుల్’, అంటే అంతరించే ముప్పున్న జాతి అది. వేళ్లతో మట్టి కదిపి చూడండి. అడ్డంగా పాకే కాడ, దాన్నుంచి మట్టిలోకి దిగిన వేరు ఉంటే గడ్డి. రాయికో గుల్లకో అతుక్కుని ఉంటే నాచు.

వరద నీరు తేరుకున్నాక, ఫిబ్రవరి–ఏప్రిల్ మధ్య, అమావాస్య పౌర్ణములకు నీరు బాగా తీసిన వేళ వెళ్లండి. సముద్రపు గడ్డిని గమనించే అంతర్జాతీయ కార్యక్రమం సీగ్రాస్‌వాచ్ పద్ధతి సరిపోతుంది: 25 మీటర్ల ఎడంతో 50 మీటర్ల తాళ్లు మూడు, ప్రతి 5 మీటర్లకూ 50 సెం.మీ. చదరపు చట్రం, మొత్తం 33. ఈ నీటిలో ఉపగ్రహ చిత్రాన్ని నమ్మకండి, మడ్డికి అడుగు కనిపించదు.

ఖాళీ చట్రానికీ సున్నా వేయండి. ఏమీ దొరక్కపోతే ‘ఇక్కడ గడ్డి లేదు’ అనకండి, ‘ఈ తేదీన ఈ 33 చట్రాల్లో కనబడలేదు’ అని రాయండి.