స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలకు సూచీకరణ ఇంకా అవసరమా?

పాతపుటలు:

మా ఊరి గ్రంథాలయ కమిటీ తన దగ్గరున్న పాత తెలుగు పుస్తకాలనూ, పత్రికల బైండు సంపుటాలనూ స్కాన్ చేయించాలని నిర్ణయించింది. అందిన విరాళాలు పరిమితం కావడంతో సభ్యులు రెండు పక్షాలయ్యారు. డబ్బంతా స్కానింగుకూ, యంత్రంతో అక్షరాలను గుర్తింపజేసే ఓసీఆర్‌కూ పెట్టి, వీలైనన్ని పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉంచితే, కావలసిన మాట టైపు చేసి పాఠకులే వెతుక్కుంటారని ఒక పక్షం వాదిస్తోంది. పుస్తకాల సంఖ్య తగ్గినా ఫరవాలేదని, ప్రతిదానికీ రచయిత, విషయం, ప్రచురణ వివరాలతో సూచిక రాయించకపోతే ఆ స్కానింగే వృథా అవుతుందని రెండో పక్షం అంటోంది. రెండింటిలోనూ నాకు బలం కనిపిస్తోంది. ఈ పనిలో అనుభవం ఉన్నవారు కారణాలతో సహా తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను.

కృష్ణాతీరం:

నాది మొదటి పక్షం. పుస్తకం లోపలి మాటలను వెతకడం అసాధ్యమైన కాలంలో కార్డు క్యాటలాగు పుట్టింది. ఏ పుస్తకంలో ఏముందో చెప్పడానికి అప్పుడు చిన్న అట్టముక్క తప్ప దారి లేదు. ఈరోజు పుస్తకంలోని ప్రతి మాటా వెతకదగినదే. ఈస్టిండియా కంపెనీ కాలపు సర్వేయరు కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాయంతో సేకరింపజేసిన గ్రామ కైఫియత్తులనే, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలనే తీసుకోండి. వాటిలో ఊళ్ల పేర్లు, చెరువుల పేర్లు, గుళ్లకు ఇచ్చిన ఇనాములు, ఆ ఇనాములు పొందిన కుటుంబాల వివరాలు పుట పుటకూ ఉంటాయి. ఎంత శ్రద్ధ గల సూచీకర్త అయినా వాటన్నిటినీ కార్డుకెక్కించలేడు. తన ఊరి చెరువు గురించి తెలుసుకోదలచినవాడికి ఆ చెరువు పేరు టైపు చేసే అవకాశమే నిజమైన మేలు.

రెండో కారణం ఇంతకంటే ముఖ్యమైనది. గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అచ్చయిన పుస్తకాల కాగితంలో ఆమ్లం ఎక్కువ కావడం వల్ల అది పెళుసెక్కి, పుట తిప్పితేనే విరిగిపోతోంది. సూచికను పదేళ్ల తర్వాతైనా స్కాన్ చూసి రాసుకోవచ్చు. పొడి అయిపోయిన పుస్తకాన్ని పదేళ్ల తర్వాత స్కాన్ చేయలేము. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఆగలేని పని ముందు జరగాలి.

విశ్రాంత గ్రంథపాలకురాలు:

కృష్ణాతీరం గారి రెండో కారణాన్ని నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను. శిథిలమవుతున్న పుస్తకాన్ని ముందు స్కాన్ చేయవలసిందే. అయితే "సూచిక తర్వాత రాసుకోవచ్చు" అన్న మాట ఆచరణలో ఏమవుతుందో చూపే ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న దబ్బల రాజగోపాల్ రెడ్డి గారి ప్రేరణతో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమూ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థా కలిసి 2000 తర్వాతి సంవత్సరాల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నిర్మించాయి. మరెక్కడా దొరకని తెలుగు పుస్తకాలెన్నో దాని వల్ల బతికాయి, అందుకు మనం రుణపడి ఉన్నాం. కానీ ఆ పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో, ఏ ఒక్క పద్ధతినీ పాటించకుండా నమోదు చేశారు. విశ్వనాథ అన్న ఇంటిపేరును ఒకచోట వి తోనూ మరోచోట డబ్ల్యూ తోనూ, ఒకచోట టి హెచ్ తోనూ మరోచోట డి హెచ్ తోనూ రాసే వీలున్నప్పుడు, ఆ రచయిత పుస్తకాలన్నిటినీ ఒక్క వెతుకులాటలో పట్టడం ఎవరి తరమూ కాదు. ఆ వెబ్‌సైటు తర్వాత నిలిచిపోయింది. పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి, వాటితో పాటు ఆ నమోదులూ అలాగే చేరాయి. తర్వాత సరిచేద్దామనుకున్న పని ఇన్నేళ్లకూ కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తల ఓపిక మీదే ఆధారపడి ఉంది. పుస్తకాన్ని చేతిలో పట్టుకుని స్కానరు మీద పెట్టే మనిషికి ముఖపత్రం కళ్లెదుటే ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో తెలుగు లిపిలో పేరు రాయడం ఎంతో తేలిక. ఆ క్షణం దాటిందంటే అదే పనికి మళ్లీ ఒక మనిషి, మళ్లీ ఒక పద్దు, మళ్లీ ఒక తీర్మానం కావాలి.

ఇక మాటను బట్టి వెతకడం గురించి. తెలుగులో ఒక మాట మరో మాటతో సంధి కలిసిందంటే దాని మొదటి అక్షరమే మారిపోవచ్చు. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు ఉంటాయి, ఈనాటి పాఠకుడు అవి లేకుండా టైపు చేస్తాడు. వీటిని మించిన చిక్కు విషయానికి సంబంధించినది. వంద సంవత్సరాల నాటి తెలుగు ప్రాంతంలో కలరా గురించి పరిశోధించే విద్యార్థి "కలరా" అని వెతికితే వచ్చేది కొంతే. వైద్య గ్రంథాలు దాన్ని విషూచి అన్నాయి, జనం వాంతిభేది అన్నారు, ఊళ్లలో మరిడి అన్నారు, మరిడమ్మ జాతరల ప్రస్తావనల్లో ఆ రోగం పేరే ఉండకపోవచ్చు. ఇవన్నీ ఒకే విషయానికి చెందినవని పుస్తకంలోని అక్షరాలు చెప్పవు, చదివిన మనిషి చెప్పాలి. విషయ శీర్షిక చేసే పని ఇదే.

పుటసవరణ:

పాత పుస్తకాల పాఠాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు ఆన్‌లైన్‌లో ఉంచే తెలుగు వికీసోర్సులో నేను పనిచేస్తాను. అక్కడ ఓసీఆర్ ఇచ్చిన పాఠాన్ని ఒకరు అచ్చుదిద్దుతారు, మరొకరు సరిచూస్తారు, ఆ తర్వాతే ఆ పుటను పూర్తయినట్టు లెక్కిస్తాం. ఓసీఆర్ చాలా మెరుగుపడిన మాట నిజం. అయినా మసకబారిన అచ్చులో వత్తులు జారిపోతాయి, ఘ ఝ అవుతుంది, ద ధ అవుతుంది, య మ అవుతుంది. వచనం చదివేటప్పుడు వీటిని సందర్భాన్ని బట్టి మన కన్నే సరిచేసుకుంటుంది. వెతికేటప్పుడు మాత్రం ఒక్క అక్షరం తేడా ఉన్న పుట ఫలితాల్లోకే రాదు, రాలేదన్న సంగతి కూడా మనకు తెలియదు. పాత పుస్తకాలకే ఈ కష్టం అనుకోవద్దు. అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేతాలనిచ్చే యూనికోడుకు ముందు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల పీడీఎఫ్‌లో తెరమీద చక్కటి తెలుగే కనిపిస్తుంది, దాన్ని కాపీ చేస్తే అర్థం లేని రోమన్ గుర్తులు వస్తాయి. ఇరవై, పాతికేళ్ల కిందటి తెలుగు రచనల్లో పెద్ద భాగం ఈ స్థితిలోనే ఉంది.

కృష్ణాతీరం:

మీరు చూపిన లోపాలు నిజమే. అవి యంత్రం లోపాలు కాబట్టి ఏటేటా తగ్గుతాయి. సంధులను విడదీసి వెతికే పద్ధతులు, మాట వేరైనా అర్థాన్ని బట్టి దగ్గరి పుటలను చూపే పద్ధతులు ఇప్పటికే వస్తున్నాయి. సూచీకర్త పక్షపాతం మాత్రం ఏటేటా తగ్గదు. అది సూచికలో స్థిరపడిపోతుంది.

పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే, ప్రపంచంలో ఎక్కువ గ్రంథాలయాలు వాడే డ్యూయీ దశాంశ వర్గీకరణనే చూడండి. 1876లో మొదలైన ఆ పద్ధతిలో మతానికి కేటాయించిన 200లలో సింహభాగం క్రైస్తవానికి పోయింది, లోకంలోని మిగతా మతాలన్నీ 290లో ఇరుక్కున్నాయి, హిందూమతం 294.5 అయింది. ఆంగ్ల సాహిత్యానికి 820 అనే పొట్టి సంఖ్య ఉంటే తెలుగు సాహిత్యం 894.827 దగ్గర తేలింది. మన యక్షగానానికీ బుర్రకథకూ శతకానికీ ఆ చట్రంలో సొంత ఇల్లు లేదు. ఇది పరాయి దేశపు సంగతి అనుకుంటే, మన సూచికలూ అంతకంటే మెరుగ్గా లేవు. జాంబపురాణం వంటి కుల పురాణాన్ని "జానపదం" అన్న అరలో పెట్టి, సంస్కృతంలోంచి వచ్చిన పురాణాన్ని "పురాణం" అన్న అరలో పెట్టే అలవాటు మన గ్రంథాలయాలదే. ఆ పుస్తకంలోని మాటలే దాని గురించి చెబితే ఏ మధ్యవర్తీ దాని స్థాయిని నిర్ణయించడు. నా అభ్యంతరానికి అసలు మూలం ఇక్కడుంది.

పరిశోధక విద్యార్థి:

కృష్ణాతీరం గారి ఈ అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. కానీ నాలాంటివారికి ఎదురయ్యే ప్రశ్న మరొకటుంది, దాన్ని ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. వెతికితే ఏమీ రాలేదు, దానికి అర్థం ఏమిటి?

మంచి సూచిక ఉన్న గ్రంథాలయంలో ఒక రచయిత పేరు కింద మూడే కార్డులుంటే, అక్కడ ఆయన పుస్తకాలు మూడే ఉన్నాయని నేను రాయవచ్చు. అది ఒక సమాచారం. వెతికిన చోట శూన్యం వస్తే మాత్రం ఆ పుస్తకం లేదా, ఉండి స్కాన్ కాలేదా, స్కానై అక్షరాలు తప్పుగా గుర్తించబడ్డాయా, లేక నేను వాడిన మాట ఆ రచయిత వాడలేదా అన్నది తేల్చుకునే ఆధారమే లేదు. అర్థాన్ని బట్టి చూపే కొత్త పద్ధతుల్లో ఇది ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే అవి ఎప్పుడూ ఏదో ఒకటి చూపిస్తాయి. చూపినవాటికి దగ్గరగా ఉండి కూడా చూపనివి ఎన్నో, ఎందుకు చూపలేదో పాఠకుడికి తెలిసే మార్గం ఉండదు. ఫలానా విషయం మీద తెలుగులో ఎవరూ రాయలేదని సిద్ధాంత గ్రంథాల్లో అలవోకగా రాసే వాక్యాల్లో ఎన్ని ఇలాంటి శూన్యం మీద నిలబడ్డాయో ఆలోచిస్తే భయం వేస్తుంది. ఒక భాషలో అప్పటికే జరిగిన ఆలోచనను జరగలేదని ప్రకటించడం ఆ రచయితలకు చేసే అన్యాయం.

పత్రికల విషయంలో ఈ కష్టం రెట్టింపు. 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసులో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, 1924లో వచ్చిన భారతి, ఇవన్నీ ఆ కాలపు తెలుగువారి మేధోజీవితాన్ని మోసిన పత్రికలు. వేటపాలెంలోని సారస్వత నికేతనం లాంటి చోట్ల వీటి పాత సంపుటాలను భద్రపరిచారు, పరిశోధకులు దూరాల నుంచి అక్కడికి వెళ్లడానికి కారణం అదే. వీటిని తేదీల వారీగా మాత్రమే ఆన్‌లైన్‌లో పెడితే, ఏ తేదీన ఏం వచ్చిందో ముందే తెలిసినవాడికే అవి ఉపయోగపడతాయి. పాతపుటలు గారి కమిటీ ఒక్క పని మాత్రమే చేయగలిగితే, ప్రతి మాసపత్రిక సంచికలోని విషయసూచికను తెలుగులో టైపు చేయించమని నేను కోరతాను.

పాతపుటలు:

అందరికీ ధన్యవాదాలు. స్కానింగు ఆపకుండా, ప్రతి పుస్తకానికీ తప్పనిసరిగా రాయవలసిన అతి తక్కువ వివరాలేవో చెప్పగలరా? మా దగ్గర ఈ పని చేసేవారు శిక్షణ పొందినవారు కారు.

విశ్రాంత గ్రంథపాలకురాలు:

ముఖపత్రం మీద ఉన్న పేరు ఉన్నట్టుగా తెలుగు లిపిలో, రచయిత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, కలం పేరు వేరుగా ఉంటే అదీ, ప్రచురించిన ఊరు, ముద్రణ ఎన్నోది, సంవత్సరం. శ్రీశ్రీ అనీ శ్రీరంగం శ్రీనివాసరావు అనీ రెండు పేర్లుంటే రెండూ ఒకే మనిషివని ఒకచోట రాసిపెట్టుకోండి, ప్రతి పుస్తకానికీ అదే రూపం వాడండి. సంవత్సరం దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. పాత పుస్తకాల్లో చాలాచోట్ల "ఆనంద నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటుంది. అది 1914-15 కావచ్చు, 1974-75 కావచ్చు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు రాసి, మీరు లెక్కగట్టిన సంవత్సరాన్ని వేరే గడిలో, ఏ ఆధారంతో లెక్కగట్టారో చెప్పి రాయండి.

విషయ శీర్షిక గురించి కృష్ణాతీరం గారికి నా సమాధానం ఇది. డ్యూయీ చట్రం ఒక పుస్తకానికి ఒకే స్థానం ఇస్తుంది, అల్మరాలో పుస్తకం ఒకే చోట ఉండగలదు కాబట్టి. ఆ ఇరుకును గుర్తించి, ఒక పుస్తకంలోని విషయాన్ని వేర్వేరు ముఖాలుగా విడదీసి చెప్పే ద్విబిందు వర్గీకరణను 1933లోనే మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్. ఆర్. రంగనాథన్ గారు మనకిచ్చారు. కంప్యూటరులో అల్మరా లేదు. జాంబపురాణానికి పురాణం అన్న శీర్షికా ఇవ్వవచ్చు, మౌఖిక సాహిత్యం అన్న శీర్షికా ఇవ్వవచ్చు, దాన్ని గానం చేసేవారి పేరూ ఇవ్వవచ్చు. సూచికలో పక్షపాతం ఉంటే అది కాగితం మీద రాసి ఉంటుంది కాబట్టే మీరు ఈరోజు దాన్ని వేలెత్తి చూపగలిగారు. వెతికే యంత్రం ఏ పుస్తకాన్ని ఏ కారణంతో వెనక్కి నెట్టిందో అలా చూపగలరా?

కృష్ణాతీరం:

చూపలేము, ఆ మాట ఒప్పుకుంటాను. మీరు చెప్పిన ఆరు వివరాలతోనూ నాకు పేచీ లేదు. స్కానరు దగ్గరే అవి రాయించడం సబబే. విషయ శీర్షికలను ఒక కమిటీ మూసిన గదిలో నిర్ణయించడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. పుస్తకం చదివిన పాఠకుడు శీర్షికను చేర్చే వీలు, ఉన్నదాన్ని ప్రశ్నించే వీలు, ఎవరు ఎప్పుడు మార్చారో కనిపించే వీలు ఉండాలి.

విశ్రాంత గ్రంథపాలకురాలు:

అది ఉండవలసిందే. దానికి ఒక్క నియమం చేర్చండి. ఎవరు ఏ మాట చేర్చినా పాత మాటను తీసేయకూడదు. మరిడి అని చేర్చినవారు విషూచిని చెరపకుండా, నిఘంటువుల్లో "చూ." అని ఇచ్చినట్టు ఒకదాని నుంచి మరోదానికి దారి చూపాలి. పాతపుటలు గారూ, మీ జిల్లాలో రోగాలకూ, పంటలకూ, కొలతలకూ, వృత్తులకూ వాడే మాటలతో ఆ పట్టికను ఇప్పుడే మొదలుపెట్టండి. అవి తెలిసిన పెద్దలు మీ ఊళ్లోనే ఉంటారు, దానికి విరాళం కూడా అక్కర్లేదు.