ఒకే చెరువు, రెండు స్థానిక సంస్థలు: నీటి నాణ్యతకు జవాబుదారీ ఎవరు?

ప్రశ్న అడిగినవారు: కట్టకింది రైతు

అందరికీ నమస్కారం. మా చెరువు తెలంగాణలోని ఒక చిన్న పట్టణానికీ, దానిని ఆనుకొని ఉన్న మా గ్రామానికీ ఉమ్మడిది. కట్ట, తూము, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు), ఆయకట్టు మా పంచాయతీ హద్దులో ఉన్నాయి. ఎగువ ఒడ్డు, దాని మీదుగా గత పదిహేనేళ్లలో లేచిన కాలనీలు పురపాలక సంఘం పరిధిలో ఉన్నాయి. పేర్లు రాయడం లేదు, ఎందుకంటే నాకు కావలసింది ఎవరినో తప్పుపట్టడం కాదు, దారి తెలుసుకోవడం.

ఆ కాలనీల మురుగు రెండు పెద్ద కాలువల ద్వారా నేరుగా చెరువులో కలుస్తోంది. వేసవిలో గుర్రపుడెక్క నీటిని పూర్తిగా కప్పేస్తోంది, మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారేసరికి చేపలు తేలుతున్నాయి, నాట్ల కాలంలో పొలంలో దిగిన కూలీల కాళ్లకు దురదలు వస్తున్నాయి. మిషన్ కాకతీయ కాలంలో పూడిక తీశారు, ఆ తరువాత మినీ ట్యాంక్‌బండ్ పేరిట కట్ట మీద నడకదారి, దీపాలు వచ్చాయి. ఇప్పుడు పురపాలక సంఘం రెండో విడత సుందరీకరణకు ప్రతిపాదన పెట్టింది. అందులో ఫౌంటెన్, బోటింగ్, పిల్లల ఆటస్థలం ఉన్నాయి గాని మురుగు గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

పురపాలక కార్యాలయంలో అడిగితే చెరువు నీటిపారుదల శాఖదని అంటున్నారు. ఆ శాఖవారు నీటి నాణ్యత తమ పని కాదని అంటున్నారు. మా పంచాయతీకి పట్టణపు కాలువల మీద అధికారం లేదు. ఈ పరిస్థితిలో చెరువు నిర్వహణను, నీటి నాణ్యతను పర్యవేక్షించవలసిన బాధ్యత చట్టప్రకారం ఎవరిది? సుందరీకరణ టెండర్లు పిలవకముందే మేము ఏమి చేయగలం?

జవాబు: విశ్రాంత ఏఈ, నీటిపారుదల

మీకు ఎదురైన అనుభవం కొత్తది కాదు. చెరువు ఎవరిదని అడిగినంతకాలం ప్రతి కార్యాలయమూ మరొక కార్యాలయం పేరు చెబుతుంది, అందులో ప్రతి ఒక్కరూ కొంత నిజమే చెబుతారు. కట్ట, తూము, మత్తడి మా శాఖవి. శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, రికార్డులు తహసీల్దారు వద్ద ఉంటాయి. చేపల హక్కు మత్స్యశాఖ ద్వారా మత్స్యకారుల సహకార సంఘానికి వెళుతుంది. ఎగువన ఇళ్లకు అనుమతి ఇచ్చేది పురపాలక సంఘం. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద చర్య తీసుకునేది కాలుష్య నియంత్రణ మండలి. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద జిల్లా అథారిటీకి కలెక్టరు అధ్యక్షులు. ఇన్ని చేతులున్నా నీటికి మాత్రం ఒక యజమాని లేడు.

అందువల్ల అడగవలసిన ప్రశ్నను మార్చమని నా సలహా. ఆ రెండు మురుగు కాలువలు ఎవరివి? దీనికి జవాబు ఒక్కటే, పురపాలక సంఘానివి. ఇళ్ల మురుగును సేకరించడం, శుద్ధి చేయడం ఆ సంస్థ బాధ్యత. 1974 చట్టంలోని 24వ సెక్షను కాలుష్య పదార్థాలను వాగులోకి గాని చెరువులోకి గాని తెలిసి వదలడాన్ని నిషేధిస్తుంది, ఆ నిషేధం నుంచి స్థానిక సంస్థలకు మినహాయింపు లేదు. 33ఎ సెక్షను కింద మండలి పురపాలక సంఘానికి కూడా రాతపూర్వక ఆదేశాలు జారీ చేయవచ్చు. మన వ్యవస్థలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చెరువును కాపాడవలసిన సంస్థ, చెరువులోకి మురుగు వదిలే సంస్థ ఒకటే అయినప్పుడు, తన మీద తానే నివేదిక రాసుకోమంటే సుందరీకరణ ప్రతిపాదనలు రావడంలో ఆశ్చర్యం లేదు. ఫౌంటెన్‌కు ప్రారంభోత్సవం ఉంటుంది, భూగర్భ మురుగు గొట్టానికి ఉండదు.

రెండవ విషయం హద్దు. మీ చెరువుకు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్, తుది ప్రకటన అయిందో లేదో ముందుగా సమాచార హక్కు చట్టం కింద అడగండి. సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి. దానితోపాటు నీటిపారుదల, రెవెన్యూ అధికారులు సంతకాలు చేసిన పటం నకలు కోరండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, అంటే జీవో 168 ప్రకారం, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఆ లోపల ఆటస్థలం పేరుతో కాంక్రీటు పోయడానికి వీలున్నదా అనే ప్రశ్న అక్కడే తేలుతుంది.

ఇందులో ఒక మోసం కూడా జరుగుతుంటుంది, గమనించండి. ఎఫ్‌టీఎల్ మత్తడి మట్టాన్ని బట్టి నిర్ణయమవుతుంది. మత్తడిని రెండడుగులు పగలగొడితే నీళ్లు అంతవరకే నిలుస్తాయి, పైన ఎండిన శిఖం భూమి ప్లాట్లుగా మారుతుంది, కొన్నేళ్ల తరువాత సర్వే చేసినవారు ఉన్న నీటినే ప్రమాణంగా తీసుకుంటారు. అందుకే కొలత పాత రికార్డులలోని మత్తడి మట్టం నుంచి మొదలు కావాలని మీ దరఖాస్తులో స్పష్టంగా రాయండి. ఎఫ్‌టీఎల్ లోపల పట్టా భూములున్న రైతులు ఉంటారు, వారు నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు గాని ఇల్లు కట్టడానికి వీలులేదు. వారిని ఆక్రమణదారులతో కలిపి మాట్లాడితే ఊరిలో మీకు మద్దతు మిగలదు.

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే నీటి నాణ్యత గురించి అంకెలు లేకుండా వెళితే, ఎదుటివారు ఒక పరీక్ష నివేదిక చూపించి అంతా బాగానే ఉందని పంపించేస్తారు. కాబట్టి ఏ అంకె ఏమి చెబుతుందో కొంత వివరంగా రాస్తాను.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఉపరితల జలాలను వాడుకను బట్టి ఎ నుంచి ఇ వరకు ఐదు తరగతులుగా విభజించింది. స్నానానికి తగిన బి తరగతి నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, బీవోడీ, అంటే నీటిలోని కుళ్లే పదార్థాన్ని విచ్ఛిన్నం చేయడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు దాటరాదు. చేపలకు తగిన డి తరగతిలో ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు లోపల ఉండాలి. ఇ తరగతి సాగునీటికి మాత్రమే. అందులో ఆక్సిజన్, బీవోడీ ప్రస్తావనే లేదు. ఒక నివేదికలో మీ చెరువు ఇ తరగతి ప్రమాణాలకు లోబడి ఉన్నదని రాస్తే, అది చేపలు బతుకుతాయనే హామీ కాదు.

పరీక్షకు నీళ్లు ఎప్పుడు తీశారన్నది అంతకన్నా ముఖ్యం. పోషకాలు పేరుకొని నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం ఎండలో ఆక్సిజన్ కొలిస్తే, కిరణజన్య సంయోగక్రియ వల్ల పరిశుభ్రమైన నీటికన్నా ఎక్కువే కనబడవచ్చు. రాత్రంతా అదే నాచు, అడుగున కుళ్లే పదార్థం కలిసి ఆ ఆక్సిజన్‌ను తినేస్తాయి, తెల్లవారుజామున అది అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే పగలు తయారైనది కూడా తక్కువే. మీరు చూసిన చేపల చావుకు ఇదే కారణం కావడానికి చాలా అవకాశం ఉంది. అందువల్ల నమూనా సూర్యోదయానికి ముందొకటి, మధ్యాహ్నం ఒకటి తీయాలనీ, రెండు మురుగు కాలువలు కలిసే చోట, చెరువు మధ్యలో, తూము దగ్గర విడివిడిగా తీయాలనీ కోరండి. తూము దగ్గర తీసిన నమూనాలో అమ్మోనియాతోపాటు మలసంబంధ కోలిఫాంలను, అంటే మలం కలిసిందని తెలిపే బాక్టీరియాను, తప్పక చూడమనండి, కూలీలు దిగేది ఆ నీటిలోనే. బీవోడీ పరీక్షకు నీటిని అయిదు రోజులు 20 డిగ్రీల వద్ద గాని, మన దేశంలో ఎక్కువగా చేస్తున్నట్లు మూడు రోజులు 27 డిగ్రీల వద్ద గాని ఉంచుతారు. ఏ పద్ధతి వాడారో నివేదికలో ఉండాలి.

మురుగుశుద్ధి కేంద్రం కడితే సమస్య తీరుతుందని చాలామంది అనుకుంటారు. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటించిన ప్రమాణాల ప్రకారం శుద్ధి చేసిన నీటిలో బీవోడీ మహానగరాలలో 20, ఇతర చోట్ల 30 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. 2019లో పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిని 10కి తగ్గించాలని చెప్పింది. 30 అంటే స్నానపు నీటి పరిమితికి పది రెట్లు. పైగా 2017 ప్రకటనలో నత్రజనికి, భాస్వరానికి పరిమితులే లేవు, గుర్రపుడెక్కను పెంచేవి ఆ రెండే. నిబంధనలకు అక్షరాలా లోబడిన శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటితోనే చెరువు పచ్చగా మారడం సాధ్యమే. ప్రతి వేసవిలో యంత్రం పెట్టి గుర్రపుడెక్క తీయించడం మంచిదే గాని, పోషకాలు వస్తున్నంతకాలం అది ప్రతి వేసవికీ ఒక కొత్త టెండరుగానే మిగులుతుంది.

జవాబు: మత్స్య సహకార సంఘం కార్యదర్శి (వేరే జిల్లా)

పెద్దలు చెప్పిన వాటిలో ఒక మాట మిగిలిపోయింది. మురుగు మొత్తాన్ని చెరువును చుట్టి కిందికి మళ్లించాలని మా దగ్గర కూడా అడిగారు, మళ్లించారు, రెండేళ్లలో వేసవికి చెరువు ఎండిపోయింది. వాగు నుంచి వచ్చే పాత కాలువ కాలనీల కింద పూడుకుపోయినందువల్ల, ఏడాది పొడవునా చెరువులో నీళ్లు నిలబెట్టినది ఆ మురుగేనని అప్పుడు తెలిసింది. మళ్లించిన మురుగు కింది గ్రామం చెరువుకు చేరింది, ఇప్పుడు వారు మా మీద ఫిర్యాదు పెట్టారు.

హైదరాబాదు హుస్సేన్‌సాగర్ చూడండి. పారిశ్రామిక వ్యర్థాలను తెచ్చే కూకట్‌పల్లి నాలాను మళ్లించడానికి పెద్ద మొత్తాలు ఖర్చయ్యాయి, అయినా భారీ వాన పడినప్పుడు నాలా నీళ్లు పొంగి సాగరంలోకే వస్తాయి. కాబట్టి మురుగు ఆపమని అడిగేటప్పుడు వాననీటి కాలువను తెరవమని కూడా అదే కాగితంలో అడగండి. ఆ కాలువ వెడల్పు పది మీటర్లు దాటితే ఇరువైపులా 9 మీటర్లు, అంతకన్నా తక్కువైతే 2 మీటర్లు వదలాలని పైన ఏఈ గారు చెప్పిన జీవోలోనే ఉంది. చేపలు చచ్చినప్పుడు నష్టపోయేది మా సంఘాలే అయినా, సుందరీకరణ సమావేశాలకు మమ్మల్ని ఎవరూ పిలవరు. మీ ఊరి సంఘాన్ని మీరు కలుపుకోండి.

జవాబు: మాడిసన్ నుంచి

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉంటున్నాను. మా నగరం సరస్సుల మధ్య ఉంది, వాటి పరీవాహక ప్రాంతం అనేక పట్టణాలకు, గ్రామాలకు ఉమ్మడిది. ఇక్కడి రాష్ట్ర చట్టంలోని 33వ అధ్యాయం 1970ల నుంచి సరస్సు జిల్లా అనే ప్రత్యేక స్థానిక సంస్థను ఏర్పాటు చేసుకునే వీలు కల్పిస్తోంది. సరస్సు చుట్టూ ఆస్తులున్నవారు, ఓటర్లు సభ్యులు, ఏటా సమావేశమై పన్ను ఎంత వేసుకోవాలో వారే తీర్మానిస్తారు. పాలకవర్గంలో వారు ఎన్నుకున్నవారితోపాటు కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) ప్రతినిధి ఒకరు, పట్టణం లేదా గ్రామం ప్రతినిధి ఒకరు తప్పనిసరిగా ఉంటారు. ఇంటి ముందు పచ్చికకు వేసే ఎరువులో భాస్వరాన్ని మా కౌంటీ 2005 నుంచే పరిమితం చేసింది.

అయినా ఇక్కడి సరస్సులు శుభ్రంగా ఉన్నాయని చెప్పలేను. పాడి పశువుల పేడనుంచి వచ్చే భాస్వరం వల్ల వేసవిలో నీలి ఆకుపచ్చ నాచు పట్టి, స్నానపు రేవులు మూయడం మామూలే. పొలాలు సరస్సుకు దూరంగా ఎగువన ఉంటాయి, సరస్సు ఒడ్డున ఉన్నవారి పన్నుతో ఆ పొలాలను కట్టడి చేయడం కష్టం. మీ ఎగువ కాలనీలతో వచ్చిన చిక్కు కూడా దాదాపు ఇదే. కాకపోతే మీ ఎగువవారు, దిగువవారు ఒకే కలెక్టరు కింద ఉన్నారు, అది మీకు కలిసివచ్చే అంశం.

ప్రశ్న అడిగినవారు: కట్టకింది రైతు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సమాచార హక్కు దరఖాస్తు వెంటనే పెడతాను. మా ఊరిలో కొందరు నేరుగా చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి వెళదామంటున్నారు. ముందు గ్రామసభ తీర్మానం చేయాలా, లేక నేరుగా అక్కడికి వెళ్లడమే మేలా?

జవాబు: విశ్రాంత ఏఈ, నీటిపారుదల

ట్రిబ్యునల్‌కు వెళ్లడం పెద్ద ఖర్చు కాదు, నష్టపరిహారం కోరని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలే. అయితే అక్కడ అధికారులతో సంయుక్త కమిటీ వేసి నివేదిక కోరడం పరిపాటి, ఆ కమిటీలో కూర్చునేది మీకు ఇప్పుడు జవాబు చెప్పని శాఖలవారే. మీ చేతిలో సంతకాలున్న ఎఫ్‌టీఎల్ పటం, వేకువన తీసిన నమూనా ఫలితాలు, తేదీలున్న వినతిపత్రాలు ఉంటే ఆ నివేదిక ఒక రకంగా వస్తుంది, లేకపోతే మరొక రకంగా వస్తుంది. ఘన, ద్రవ వ్యర్థాలను శుద్ధి చేయనందుకు దాదాపు 3,800 కోట్ల రూపాయలు చెల్లించాలని 2022లో ఆ ట్రిబ్యునలే తెలంగాణ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంత పెద్ద ఆదేశం కూడా మీ రెండు కాలువల దాకా రాలేదన్నది గుర్తుంచుకోండి.

గ్రామసభ తీర్మానం ముందు చేయించండి, చట్టప్రకారం అది రెండు నెలలకొకసారి జరగాలి కాబట్టి ఎక్కువకాలం వేచి ఉండనక్కరలేదు. తీర్మానంలో చెరువును కాపాడాలని మాత్రమే రాస్తే ఎవరూ చదవరు. రెండు కాలువలు కలిసే స్థలాల సర్వే నంబర్లు రాయండి, వాననీటి కాలువ పేరు రాయండి, మురుగును ఎక్కడ శుద్ధి చేస్తారో, శుద్ధి అయిన నీరు ఎక్కడికి పోతుందో చెప్పకుండా సుందరీకరణ పనులకు సాంకేతిక అనుమతి ఇవ్వరాదని కోరండి. కట్ట మీ పంచాయతీ హద్దులో ఉన్నది కనుక, కట్ట మీద చేయదలచిన పనులపై మీ అభ్యంతరానికి విలువ ఉంటుంది. ఆ నకళ్లను కలెక్టరుకు, పురపాలక కమిషనరుకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మా శాఖ కార్యనిర్వాహక ఇంజనీరుకు ఒకే రోజున ఇచ్చి, ప్రతి చోటా అందినట్లు ముద్ర వేయించుకోండి. పట్టణం వైపున వార్డు కమిటీలలో మీకు తెలిసినవారు ఉంటే అక్కడ కూడా ఇదే అంశాన్ని చర్చకు పెట్టించండి, ఎందుకంటే ఆ కాలనీల దోమలు కూడా ఆ చెరువువే.