చెల్లికి జార్జియాలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది, 2008 యుద్ధం సంగతి విని ఇంట్లో భయపడుతున్నారు

ఖమ్మం అన్నయ్య:

అందరికీ నమస్తే. మా చెల్లికి జార్జియాలో, టిబిలిసిలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది, మొదటి విడత ఫీజు ఈ నెలాఖరులోపు కట్టాలి. (అట్లాంటా ఉన్న జార్జియా కాదండి. బంధువుల్లో సగం మంది అమెరికా అనుకుని ఫోన్ చేస్తున్నారు, కాదని చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.) అంతా కుదిరింది అనుకునేలోపు మా బాబాయ్ యూట్యూబ్‌లో ఏదో చూసి, 2008లో రష్యా ఆ దేశం మీదికి వచ్చి ఐదు రోజుల్లో చిత్తు చేసింది, ఇప్పటికీ ఐదో వంతు భూమి జార్జియా చేతిలో లేదు అన్నాడు. అంతే, అమ్మకి టెన్షన్ పట్టుకుంది. 2022లో మా వీధి కుర్రాడు ఒకడు ఉక్రెయిన్ నుంచి రొమేనియా బార్డర్ దాకా చలిలో నడిచి, పుస్తకాలూ పెట్టెలూ అన్నీ వదిలేసి ఇంటికొచ్చాడు. అది కళ్లారా చూసిన మనిషికి ఏం కాదులే అని ఎలా చెప్పను? ఏజెంట్‌ని అడిగితే "యూరప్ లాగే ఉంటుంది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పక్కన అంత పెద్ద దేశాన్ని పెట్టుకుని జనం రోజూ ఎలా బతుకుతున్నారు? ఆడపిల్ల ఆరేళ్లు ఉండొచ్చా?

తెనాలి టు టిబిలిసి:

అన్నా, నేను ఇక్కడ ఐదో ఏడాది. యుద్ధం జరిగిన దేశమని నువ్వు చెప్తే తప్ప టిబిలిసిలో తెలియదు. మెట్రో తిరుగుతుంది, రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి ఒక్కదాన్నే నడిచి వస్తాను, పేదవాళ్ల దేశమే గానీ వీధిలో భయం లేదు. గోడల మీద మాత్రం రష్యాని తిడుతూ రాతలు కనిపిస్తాయి, "నా దేశంలో 20 శాతం ఆక్రమణలో ఉంది" అని కేఫ్ తలుపులకి స్టిక్కర్లు ఉంటాయి. ఇంకో వింత, ఇక్కడ నమస్తేకి బదులు "గామర్జోబా" అంటారు, ఆ మాటకి మూలం విజయం అట. ఇన్నిసార్లు దండయాత్రలు చూసిన వాళ్లు పొద్దున్నే పాలవాడితో కూడా గెలుపు మాటే అంటారన్నమాట.

నాకు నిజంగా తగిలిన దెబ్బ యుద్ధం వల్లే, కానీ 2008ది కాదు, ఉక్రెయిన్ యుద్ధం. 2022 సెప్టెంబరులో పుతిన్ సైన్యంలోకి జనాన్ని పిలిచాక, లార్స్ దగ్గర రష్యా నుంచి వచ్చే కొండదారి బార్డర్‌లో రోజుల తరబడి కార్లు బారులు తీరాయి, వేలమంది రష్యన్ కుర్రాళ్లు ఇక్కడికి వచ్చిపడ్డారు. మా ఓనరు వారం గడువిచ్చి, అద్దె దాదాపు రెట్టింపు కడితే ఉండు, లేకపోతే ఖాళీ చెయ్యి అన్నాడు. మేం నలుగురం రెండు గదుల్లోంచి ఒక్క గదికి మారాం. దండెత్తిన దేశం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకే ఇల్లు ఎక్కువకి ఇచ్చుకుంటూ, వాళ్లనే తిట్టుకుంటూ బతకడం, ఇది ఇక్కడ మామూలే.

2024 నవంబరు చివర్లో ఇక్కడి ప్రభుత్వం మీద మొదలైన నిరసనలప్పుడు రుస్తవేలీ రోడ్డులో వాటర్ క్యానన్లు, టియర్ గ్యాస్ చూశాం. ఆ పక్కకి వెళ్లొద్దని సీనియర్లం అందరం గ్రూపులో పెట్టాం, వెళ్లనివాళ్లకి ఏమీ కాలేదు. విదేశీ విద్యార్థి అక్కడ సెల్ఫీ కూడా దిగకపోవడమే మంచిది, వీసాకి ఇబ్బంది రావచ్చు.

అమ్మగారికి అసలు చెప్పాల్సింది హీటర్ గురించి. 2024 డిసెంబరులో గుడౌరి అనే కొండ ఊళ్లో మూసిన చోట జనరేటర్ నడిపితే, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో 12 మంది నిద్రలోనే పోయారు, ఎక్కువమంది మనవాళ్లే. గ్యాస్ హీటర్ నుంచీ అదే రావచ్చు. చలికి కిటికీలన్నీ మూసి గ్యాస్ హీటర్ వేసుకుని పడుకోవద్దని చెల్లికి ఇప్పుడే చెప్పు. ఆ వాయువుని పట్టే అలారం ఒకటి కొని గోడకి తగిలించమను. క్షిపణి కంటే అది దగ్గర.

పాత పేపర్ల మనిషి:

పై చెల్లెమ్మ చెప్పింది నిజమే గానీ బాబాయ్ మాట సగమే కరెక్టు. జార్జియా నుంచి విడిపోయిన ప్రాంతాలు రెండున్నాయి, దక్షిణ ఒసేతియా, అబ్ఖాజియా. 2008 ఆగస్టు 7 రాత్రి దక్షిణ ఒసేతియా ముఖ్యపట్టణం త్స్కిన్‌వాలి మీద ఫిరంగులు పేల్చి పెద్ద యుద్ధం మొదలుపెట్టింది జార్జియానే, యూరోపియన్ యూనియన్ (ఈయూ) వేసిన టాల్యావిని కమిటీ 2009 రిపోర్టులో ఇది రాసింది. అయితే దాని ముందు నెలల తరబడి కవ్వింపులు ఉన్నాయని, ఆ తర్వాత రష్యా చేసింది హద్దు మీరిందని కూడా అదే రిపోర్టు అంది. ఏ పక్షం వాళ్లు ఆ పక్షానికి పనికొచ్చే పేజీ చదువుకుంటారు. 37 లక్షల జనాభా ఉన్న దేశం 14 కోట్ల దేశాన్ని కదిపితే ఏమవుతుందో అదే అయింది. అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు సార్కోజీ వచ్చి 12న కాల్పులు ఆపించాడు, 26న రష్యా దక్షిణ ఒసేతియా, అబ్ఖాజియాలని వేరే దేశాలుగా గుర్తించింది, జార్జియా దౌత్య సంబంధాలు తెంచుకుంది. ఇప్పటికీ రష్యా, జార్జియాలకి ఒకరి దేశంలో ఒకరికి ఎంబసీ లేదు, ఆ పని మధ్యలో స్విట్జర్లాండ్ చూస్తుంది.

ఆ తర్వాత రష్యా తుపాకీ కంటే కుళాయి ఎక్కువ వాడింది అంటాను నేను. ఆ మాటకొస్తే యుద్ధానికి రెండేళ్ల ముందే, 2006లో, జార్జియా వైన్‌ని నిషేధించారు, 2013లో వదిలారు. 2019లో టిబిలిసిలో గొడవలైతే నేరుగా వెళ్లే విమానాలు ఆపారు, 2023 మేలో మళ్లీ తెరిచారు. తెరవడం కూడా బెదిరింపే, ఎప్పుడైనా మూయగలం అని చెప్పడం. ఎంగురి డ్యాం ఇంకో విచిత్రం. ఆనకట్ట జార్జియా వైపు, పవర్‌హౌస్ అబ్ఖాజియా వైపు. యుద్ధాలు జరిగినా కరెంటు మాత్రం పంచుకుంటూనే ఉన్నారు, వేరే దారి లేదు. 2023 నవంబరులో మన సాగర్ డ్యాం మీద సగానికి ముళ్లకంచె వేసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. మనకి పైన ఢిల్లీ ఉంది కాబట్టి సర్దుకుంది, వాళ్లకి పైన ఎవరూ లేరు.

గోరీ బస్సు:

నేను చదువు ముగించుకుని రెండేళ్ల క్రితం వచ్చేశాను, నాలుగేళ్లు ఒకే ఇంట్లో అద్దెకున్నాను. మా ఇంటావిడది అఖల్‌గోరి పక్క ఊరు. 2008 దాకా అది జార్జియా చేతిలోనే ఉండేది, యుద్ధం అయ్యాక దక్షిణ ఒసేతియా వైపు పోయింది. ఆ ఊళ్లవాళ్లని చాలామందిని త్సెరోవానిలో పెట్టారు. హైవే పక్కనే, గోరీ వెళ్లే ప్రతిసారీ బస్సులోంచి కనిపిస్తుంది, వరసలు వరసలుగా ఒకే కొలత, ఒకే కప్పు ఉన్న రెండు వేల చిల్లర ఇళ్లు, అచ్చం మన ఇందిరమ్మ కాలనీ. ఆవిడ చెల్లెలు ఇప్పటికీ అక్కడే.

మొదట్లో నేను ఒకసారి "బార్డర్ ఎంత దూరం ఆంటీ" అని అడిగితే ఆవిడ ముఖం మారిపోయింది. దాన్ని బార్డర్ అనకూడదు, ఆక్రమణ గీత అనాలి, బార్డర్ అంటే ఒప్పేసుకున్నట్టట. ఆ గీత కూడా నిలకడగా ఉండదు. 2015లో గీత ఎక్కడో చూపించే ఆకుపచ్చ బోర్డులు రష్యా సైనికులు కొంచెం ముందుకి జరిపితే బాకూ–సుప్సా ఆయిల్ పైప్‌లైన్‌లో కిలోమీటరున్నర ముక్క అటు వెళ్లిపోయింది. ఖుర్వాలేతి అనే ఊళ్లో ఒక ముసలాయన ఇల్లు వదిలి రానన్నాడని కంచె ఆయన్ని అటువైపుకి వేసింది, మందులు, రొట్టెలు ఇటువాళ్లు తీగల మధ్యలోంచి అందించేవాళ్లు. పుట్టగొడుగులు ఏరుకోడానికో, తప్పిపోయిన ఆవు కోసమో వెళ్లినవాళ్లని పట్టుకుని కొన్నాళ్లు లోపల ఉంచి జరిమానా కట్టించుకుని వదులుతారు. 2023 నవంబరులో ఒకాయన గుడికి వెళ్లి తుపాకీ గుండుకి పోయాడు. ఈయూ మానిటర్లు ఉన్నారు, 2008 అక్టోబరు నుంచీ బైనాక్యులర్లతో తిరుగుతూనే ఉన్నారు, ఆయుధాలుండవు, అటువైపు అడుగు పెట్టనివ్వరు. అందుకే అక్కడ భద్రంగా ఉందా అంటే నగరంలో ఉంది, గీత పక్కన తోటల్లో లేదు. రెంటికీ మధ్య గంటన్నర బస్సు ప్రయాణం.

ఈస్టర్‌కి ముందు వాళ్లు పళ్లెంలో గోధుమలు చల్లి మొలకలు పెంచుతారు, జెజిలి అంటారు, మన పెళ్లిళ్లలో పాలికల్లాగే. ఎర్రగుడ్లు అందులో పెట్టి సమాధుల దగ్గరికి తీసుకెళ్తారు. 2019 దాకా ఆవిడ పర్మిట్ కాగితంతో వెళ్లి వాళ్లమ్మ సమాధి మీద గుడ్డు దొర్లించి వచ్చేది. ఆ సెప్టెంబరులో దారి మూసేశారు. 2022 నుంచి నెలలో కొన్ని రోజులు తెరుస్తున్నారు గానీ ఈవిడ కాగితం గడువు అప్పటికే అయిపోయింది. నేనున్న చివరి ఏడాది ఆ పళ్లెం వంటింటి కిటికీలోనే ఉండిపోయి పసుపురంగుకి తిరిగింది, తీసి పారెయ్యనా అంటే వద్దంది.

ఖమ్మం అన్నయ్య:

అందరికీ చాలా థ్యాంక్స్. మొత్తం అమ్మకి చదివి వినిపించాను. హీటర్ అలారం రాసుకుంది, రుస్తవేలీ రోడ్డు పేరు కూడా రాసుకుంది. ఫీజు కడుతున్నాం. గోరీ బస్సు గారూ, అమ్మ ఒకటి అడగమంది: ఆ ఇంటావిడ ఇంకా గది అద్దెకిస్తారా?

గోరీ బస్సు:

ఇస్తారండి, జూన్‌లో ఒకటి ఖాళీ అవుతుంది, వివరాలు మీకు విడిగా మెసేజ్ పెడతాను. ఒక్కటే షరతు, ఎండుచేపలు వండకూడదు. నేను ఒకసారి వండితే కింది అంతస్తువాళ్లు గ్యాస్ లీక్ అనుకుని 112కి ఫోన్ చేశారు.