పదకొండు టెర్మినళ్లు, అన్నీ ఒక్క చోట ఎట్లా పెట్టుకోవాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి):

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. సుబేదారిలో గది తీసుకుని హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. పైథాన్ బ్యాకెండ్. నాలుగు రిపోజిటరీలు (కోడ్ ఫోల్డర్లు). ఒక్కోదానికి సర్వర్ నడిచే టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) ఒకటి, లాగ్స్‌కి ఒకటి, కొన్నింటికి కోడ్ మార్పులు దాచే గిట్ కోసం ఇంకోటి. మధ్యాహ్నానికల్లా పదకొండు విండోలు అవుతాయి. ఏది దేనిదో వెతకడానికే సగం ఓపిక పోతోంది.

మొన్న మంగళవారం గాలివానకు కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది గానీ వైఫై రౌటర్ ఆగిపోయింది. అప్పటికి రిమోట్ సర్వర్‌లో డేటా ఇంపోర్ట్ సగం దాటింది. ఆ సర్వర్‌తో నన్ను కలిపే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెగేసరికి అదీ ఆగింది. మళ్లీ మొదటి నుంచి. ఆ తొందరలో నా లాప్‌టాప్‌లోని డేటాబేస్ అనుకుని స్టేజింగ్ (విడుదలకు ముందు పరీక్షించే సర్వర్) విండోలో టేబుల్ ఖాళీ చేసే కమాండ్ కొట్టేశాను. రెండూ నల్లటి తెరలే, ఒకే ఫాంట్. బ్యాకప్ ఉండబట్టి గండం గడిచింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అన్నీ ఒకే చోట ఉండి, నెట్ పోయినా పని ఆగకుండా ఉండే ఏర్పాటు ఏదైనా ఉందా? ర్యామ్ 8 జీబీ.

జవాబు (కరీంనగర్):

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో నాలుగు ఫోల్డర్లనూ ఒకే వర్క్‌స్పేస్‌గా సేవ్ చేయండి. టెర్మినళ్లు కిందే ఉంటాయి, వాటికి పేర్లు, రంగులు పెట్టుకోవచ్చు. నాకు అదే సరిపోయింది. 8 జీబీలో బ్రౌజర్ ట్యాబ్‌లు మాత్రం తగ్గించుకోవాలి.

జవాబు (కాజీపేట):

తమ్ముడూ, ఇంపోర్ట్ సంగతి ముందు చూడు. ఎస్‌ఎస్‌హెచ్ తెగితే ఆ టెర్మినల్ మీద నడిచేవాటికి హ్యాంగప్ (లైన్ తెగింది, ఆగిపో అనే) సిగ్నల్ వెళ్తుంది, అందుకే ఆగింది. టెర్మినళ్లను సెషన్లుగా నడుపుతూ ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రామ్ వాడు. లాప్‌టాప్‌లో ఒక్కటే చాలదు, ఆ రిమోట్ సర్వర్‌లో కూడా ఉండాలి. పొయ్యి మీద అన్నం పెట్టి బయటికొస్తే పొయ్యి ఆరిపోదు కదా, అట్లా నువ్వు బయటికొచ్చినా లోపల పని నడుస్తూనే ఉంటుంది. నేను సికింద్రాబాద్ రైల్లో పని చేసేవాణ్ణి. దారిలో సిగ్నల్ పోయేది, వచ్చాక అటాచ్ చేస్తే, అంటే ఆ సెషన్‌లోకి తిరిగి వెళ్తే, వదిలిన చోటే ఉండేది. ఈ ఆలోచన కొత్తది కాదు, 1987 నుంచి స్క్రీన్ అనే ప్రోగ్రామ్ చేస్తున్నదే.

ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో సెషన్ పెట్టి పేరివ్వు. కంట్రోల్, బి కలిపి నొక్కి వదిలి, ఎస్ కొడితే సెషన్ల జాబితా వస్తుంది. అట్లాగే నొక్కి వదిలి డి కొడితే బయటికి వస్తావు. లాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ టీమక్స్ ఉంటే రెండింటికీ అదే మీట, ఇక్కడ చాలామంది తికమక పడతారు. లాప్‌టాప్‌లో దాన్ని కంట్రోల్, ఏ చేసుకో. తెర మీంచి పైకి పోయిన పాత వరుసలు మామూలుగా 2,000 వరకే దాస్తుంది, 50,000 చెయ్యి.

ఇక ఆ టేబుల్ సంగతి. స్టేజింగ్ సర్వర్‌లోని టీమక్స్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్)లో కింది పట్టీ రంగు ఎరుపు చెయ్యి, ఒక్క లైన్ పని. ఈ ఒక్కటి మాత్రం ఇవాళే చెయ్యి.

జవాబు (మంచిర్యాల):

సర్వర్ రీబూట్ అయితే టీమక్స్ సెషన్లు కూడా పోతాయి. టీమక్స్‌కి జోడించుకునే రిసరెక్ట్ ప్లగిన్ విండోల అమరికను, ఫోల్డర్లను తిరిగి తెస్తుంది గానీ మధ్యలో ఆగిన ఇంపోర్ట్‌ను బతికించదు. అందుకే ఇంపోర్ట్ స్క్రిప్ట్‌నే ఆగిన చోటి నుంచి మొదలయ్యేలా రాసుకోండి.

అడిగినవారు:

కాజీపేట అన్నా, రాత్రే కూర్చుని పెట్టాను. చూద్దామని ఇంపోర్ట్ నడుస్తుండగా రౌటర్ ప్లగ్ పీకేశాను. టీ పెట్టుకుని తాగి, ప్లగ్ పెట్టి అటాచ్ చేశాను. వరుసలు అట్లాగే కదులుతున్నాయి! స్టేజింగ్‌లో ఎర్ర పట్టీ కనబడగానే చెయ్యి దానంతట అదే ఆగుతోంది. పొద్దున మా టీమ్‌లో ఇద్దరు ఆ లైన్ అడిగితే పంపించాను. మంచిర్యాల నుంచి రాసినవారికీ థ్యాంక్స్, ఆ స్క్రిప్ట్ ఈ శనివారం మొదలుపెడతాను.