డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ టీ: తేడా నీళ్లదా, ఆకుదా?

ఫస్ట్ ఫ్లష్, అంటే ఏడాదిలో తొలి కోత ఆకు; ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ1 గ్రేడు (డార్జిలింగ్ ఆకు టీల్లో పై శ్రేణి). పాలు, పంచదార లేవు. 2.5 గ్రాముల ఆకుకు 200 మి.లీ. నీళ్లు, మూతపెట్టి 3 నిమిషాలు. మరుగుతున్న నీళ్లు పోస్తే నాలుక పట్టేసేంత వగరు. 85 డిగ్రీలకు చల్లార్చి పోస్తే వగరు తగ్గుతోంది, దాంతోపాటే పూల వాసనా పోతోంది.

హైదరాబాద్ బోరు నీళ్లతో అయితే రంగు నల్లబడి, పైన మెరిసే తెట్టు కడుతోంది (అది నీళ్లలోని కాల్షియం పనే, అందులో అనుమానం లేదు). ఆర్‌ఓ నీళ్లతో తెట్టు లేదు గానీ, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) 20 దగ్గర ఉండేసరికి టీ చప్పగా దిగుతోంది. రెండూ కలిపి కాచేవాళ్లు ఏ పాళ్లలో కలుపుతున్నారు? టీడీఎస్ ఎంత దగ్గర ఆపుతున్నారు?

ఆకు మీద కూడా అనుమానమే. ప్యాకెట్ మీద ప్యాకింగ్ తేదీ ఉంది, కోత తేదీ లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే ఈ లేత ఆకు పాతబడితే ముందు పోయేది వాసనే. కాచకుండా, పొడి ఆకు చూసే నిరుటిదని పట్టేదెలా?

తోట పేరు, డీజే-1 లాంటి ఇన్‌వాయిస్ నంబరు (తోట ఒక్కో లాటుకు ఇచ్చే నంబరు) వేసి 25 గ్రాముల ప్యాకెట్లు అమ్మేవాళ్లుంటే చెప్పండి. పాలు పోసి మరిగించమనే సలహా మాత్రం వద్దు, దానికి డస్ట్ టీ చాలు.