వేగంతో పాటు పెరిగే హోరు: టైరా, బేరింగా, గేర్‌బాక్సా?

ప్రశ్న

నమస్కారం. మాది మాన్యువల్ గేర్ల చిన్న కారు, ఇంజిన్ శక్తి ముందు చక్రాలకు అందే రకం. కొంతకాలంగా గంటకు 50 కిలోమీటర్లు దాటగానే ముందు వైపు నుంచి 'ఊఁ' మని ఒక హోరు మొదలవుతోంది. 80 దగ్గర పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సి వస్తోంది. వేగం తగ్గిస్తే అదీ తగ్గిపోతుంది. బండి ఆపి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఏ శబ్దమూ లేదు. స్టీరింగ్ వణకడం లేదు, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగలేదు.

ఒక మెకానిక్ నాలుగు టైర్లూ మార్చాలన్నారు. ఇంకొకరు గేర్‌బాక్స్ దింపి చూడాలన్నారు. రెండూ పెద్ద పనులే. పెద్దవాళ్లను, పిల్లలను ఎక్కించుకుని తిరిగే కారు కాబట్టి వదిలేయలేను. అలాగని కారణం తెలియకుండా భాగాలు మార్చుకుంటూ పోవడమూ ఇష్టం లేదు. ముందుగా ఏం పరీక్షించాలి?

మొదటి జవాబు

ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా శబ్దం రావడం లేదని మీరు గమనించారు చూడండి, అది చాలా పనికొచ్చే విషయం. బెల్టు, ఆల్టర్నేటర్, వాటర్ పంపు ఇవన్నీ ఇంజిన్‌తో తిరిగేవి. వాటిలో లోపం ఉంటే బండి నిలబడి ఉన్నా ఇంజిన్ వేగాన్ని బట్టి శబ్దం మారుతుంది. కాబట్టి ప్రస్తుతానికి వాటిని పక్కన పెట్టవచ్చు. ఇక మిగిలినవి చక్రంతో తిరిగేవి: టైరు, హబ్ బేరింగ్ (చక్రం నున్నగా తిరిగేలా దాని మధ్యలో ఉండే గుండ్ల రింగు), బ్రేకు డిస్కు, డ్రైవ్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి చక్రానికి శక్తిని చేర్చే కడ్డీ), గేర్‌బాక్సులో చక్రాల వైపు భాగం.

ఏ భాగాన్నీ విప్పకముందే, శబ్దం దేన్ని అనుసరిస్తోందో రోడ్డు మీదే తేల్చుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద వెళ్లండి. అద్దాలు మూసి, ఏసీ ఫ్యాను ఆపి వినండి.

60 దగ్గర మూడో గేరులో కాసేపు, అదే వేగంలో నాలుగో గేరులో కాసేపు నడపండి. ఇంజిన్ వేగం మారినా హోరు మారకపోతే అది ఇంజిన్‌ది కాదు. తర్వాత 70 దగ్గర యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ తొక్కి న్యూట్రల్ వేయండి. ఇంజిన్ నెమ్మదిస్తుంది, బండి మాత్రం దొర్లుతూనే ఉంటుంది. అప్పుడూ హోరు అలాగే ఉంటే అనుమానం చక్రాల దగ్గరికే వస్తుంది. ఈ పరీక్షలో ఇంజిన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి. బ్రేకుకు, స్టీరింగ్‌కు అందే సాయం పోతుంది. తాళంచెవి బయటికి తీస్తే స్టీరింగ్ బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మలుపు పరీక్ష. పొడవైన వంపుల్లో, లేదా ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ను మెల్లగా కుడికీ ఎడమకీ ఊపుతూ వినండి. కుడికి తిరిగితే బండి బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, ఎడమకు తిరిగితే కుడి చక్రాల మీద. బరువు పడినప్పుడు హోరు పెరిగే వైపు బేరింగ్‌ను అనుమానించాలి.

రోడ్డు రకం మారినప్పుడు కూడా గమనించండి. నున్నటి తారు మీద తగ్గి, గరుకు సిమెంటు రోడ్డు మీద పెరిగితే టైరు వైపు మొగ్గు. బేరింగ్‌కు రోడ్డు రకంతో పెద్దగా సంబంధం ఉండదు.

మరొకరి మాట

ఇవన్నీ చేసేముందు ఒక్క నిమిషం. ఈ మధ్య పంక్చర్ కోసమో, బ్యాలెన్సింగ్ కోసమో చక్రాలు విప్పారా? విప్పి ఉంటే మొదట చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. నట్టు వదులైతే మొదట 'టక్ టక్' మనో, గుడగుడమనో వినిపిస్తుంది, తర్వాత చక్రం ఊగుతుంది. అది బండి నడుపుతూ పరీక్షించే విషయం కాదు, ఉన్నచోటే ఆగి బిగించాల్సిన విషయం. అలాగే ఇనుము ఇనుముకు రాసుకున్నట్టు గరగర వచ్చినా, ఒక చక్రం దగ్గరికి వెళ్తేనే వేడి కొట్టినా, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) దీపం వెలిగినా రోడ్డు పరీక్షలు వద్దు. బండిని వర్క్‌షాపుకు లాగించండి.

ప్రశ్న అడిగినవారు

నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి. రోడ్డు మీద చూశాను. గేరు మార్చినా, న్యూట్రల్ వేసినా హోరులో తేడా లేదు. రోడ్డు కుడికి వంపు తిరిగినప్పుడు బాగా పెరుగుతోంది, ఎడమ వంపులో దాదాపు ఆగిపోతోంది. తారు రోడ్డయినా సిమెంటు రోడ్డయినా ఆ హోరు అంతే, గరుకు రోడ్డు మీద మాత్రం దానికి తోడు వెనక నుంచి సన్నని రొద ఒకటి వస్తోంది.

రెండు విషయాలు అర్థం కావడం లేదు. మీ లెక్క ప్రకారం ఎడమ బేరింగ్ అవ్వాలి. నాకూ, పక్కన కూర్చున్నవారికీ కుడి వైపు నుంచే వినిపిస్తోంది. పైగా ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి ఊపి చూస్తే కొంచెం కూడా ఆడడం లేదు. అంటే బేరింగ్ బాగున్నట్టేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు

చక్రం ఆడకపోయినంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదండీ. బేరింగ్ లోపల గుండ్లు దొర్లే దారిలో మొదట సన్నని గుంతలు పడతాయి. హోరు అప్పుడే మొదలవుతుంది. చక్రం చేతికి తెలిసేంతగా ఆడేది అరుగుదల బాగా ముదిరాకే. ఆడలేదని కొట్టిపారేస్తే ఎన్నో బేరింగులు ఆ పరీక్ష నుంచి తప్పించుకుంటాయి.

ఏ వైపు నుంచి వస్తోందన్నది చెవికి వదిలిపెట్టకండి. శబ్దం సస్పెన్షన్ గుండా బండి రేకులోకి ఎక్కి, ఎక్కడ తేలిగ్గా బయటపడగలదో అక్కడ బయటపడుతుంది. చెవి కంటే మలుపు పరీక్షనే నేను ఎక్కువ నమ్ముతాను. అయితే దాన్నీ తుది తీర్పుగా తీసుకోను. ఇప్పటి హబ్ బేరింగుల్లో గుండ్లు రెండు వరుసల్లో ఉంటాయి. ఏ వరుస అరిగిందన్నదాన్ని బట్టి అప్పుడప్పుడు ఫలితం తారుమారవుతుంది. అందుకే విప్పేముందు చేత్తో మరొక పరీక్ష చేయాలి.

సమతలంగా ఉన్న గట్టి నేల మీద హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. తయారీదారు చూపిన చోట జాకీ పెట్టి లేపి, బరువును స్టాండు మీదికి దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టవద్దు, ఇది మరీ మరీ చెబుతున్నాను. ఇప్పుడు ఒక చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, రెండో చేతి వేళ్లను సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించండి. మంచి బేరింగ్ అయితే ఏమీ తెలియదు. అరిగినదైతే లోపల ఇసుక నలుగుతున్నట్టు సన్నని గరుకుదనం స్ప్రింగు గుండా వేళ్లకు తెలుస్తుంది. రెండో వైపు కూడా ఇలాగే చేసి పోల్చండి. ఒక్కో చుట్టుకూ ఒకసారి 'స్ స్' మని బ్రేకు ప్యాడు రాసుకునే చప్పుడు మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చక్రాన్ని గాలిలో ఉంచి ఇంజిన్‌తో తిప్పే ప్రయత్నం ఇంట్లో అసలు చేయకండి.

చక్రం ఆడిన సందర్భంలో ఏం చేయాలో కూడా చెబుతాను, చదివే ఇంకొకరికి పనికొస్తుంది. పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే, ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. అప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్, ఇంకా ఆడుతుంటే బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండ్రని కీలు). కుడి ఎడమ అంచులు పట్టుకుని ఊపినప్పుడే ఆడితే స్టీరింగ్ టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ) చివరను చూడాలి.

టైర్ల పనిలో ఉన్న ఒకరు

టైర్లను అప్పుడే వదిలేయకండి. వెనక నుంచి సన్నని రొద అన్నారు కదా. టైరు మీద అరచేతిని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు నిమరండి. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా గుచ్చుకుంటే ఆ అరుగుదలే రొద చేస్తుంది. అరిగి లోపలి ఇనుప తీగలు బయటికి కనిపించే టైరు ఉండవచ్చు, అందుకే ముందు కంటితో చూసి తర్వాతే చెయ్యి పెట్టండి. ఇంకా అనుమానంగా ఉంటే ముందు టైర్లు వెనక్కు, వెనకవి ముందుకు మార్చి నడపండి. శబ్దం కూడా చోటు మారితే టైరే. దిశ బాణం గుర్తున్న టైర్లను అదే వైపున మాత్రమే ముందూ వెనకా మార్చాలి, మార్చాక గాలి సరిచూసుకోవాలి.

ఇంకొక ఉపాయం. చిన్న కార్ల టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2 మీటర్లు కదులుతుంది. అంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 8 చుట్లు తిరుగుతుంది, చుట్టుకొకసారి వచ్చే చప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. అదే 7 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఒక్క చుట్టే. అద్దం దించి, గోడ పక్కన అంత నెమ్మదిగా పోనివ్వండి. గాడిలో ఇరుక్కున్న రాయో, మేకో ఉంటే 'టిక్... టిక్' మని విడివిడిగా లెక్కపెట్టేలా వినిపిస్తుంది. మేకు కనబడితే అక్కడే పీకేయకండి, గాలి దిగిపోతుంది.

ఇంకొక సందేహం

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా కారులో హోరు లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బయలుదేరినప్పుడు 'టకటకటక' మంటుంది, తిన్నగా వెళ్తే ఏమీ ఉండదు. ఇదీ బేరింగేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు

కాదు, ఇది డ్రైవ్ షాఫ్టు బయటి కొసన ఉండే సీవీ జాయింటు (చక్రం పక్కకు తిరిగి ఉన్నా దానికి శక్తిని అందించే కీలు) లక్షణం. ముందు చక్రాలను ఒక వైపు పూర్తిగా తిప్పి, వెనకాల చూడండి. షాఫ్టు మీద ముడతల రబ్బరు బూటు ఉంటుంది. అది చిరిగి, చక్రం లోపలి అంచున గ్రీజు చిమ్మి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఖాళీ స్థలంలో రెండు వైపులా నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. సాధారణంగా వంపుకు బయటి వైపు ఉన్న జాయింటే ఎక్కువగా చప్పుడు చేస్తుంది. బూటు చిరిగిన కొత్తలోనే, చప్పుడు మొదలుకాకముందే చూసుకుంటే బూటు, గ్రీజు మారిస్తే సరిపోతుంది. మీకు చప్పుడు మొదలైంది కాబట్టి జాయింటు అరిగినట్టే.

గతుకుల్లో మాత్రమే 'టక్' మంటే సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింకు, లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు చూడాలి. కీచుమని మోగుతూ బ్రేకు తొక్కగానే ఆగిపోతే ప్యాడ్లు అరిగాయని చెప్పే రేకు అయి ఉండవచ్చు. ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఇక ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే స్ప్రింగు మీద వేళ్లు ఆనించి చూశాను. కుడి వైపు ఏమీ తెలియలేదు. ఎడమ వైపు మాత్రం స్పష్టంగా గరుకుగా తగులుతోంది. వెనక టైర్లను నిమిరితే రంపపు పళ్లలా కొద్దిగా ఉంది. వర్క్‌షాపులో లిఫ్టు మీద పెట్టి, మెకానిక్ స్టెతస్కోపుతో విని ఎడమ బేరింగే అన్నారు. మార్పించబోతున్నాను. రెండు వైపులా మార్చాలా? ఆ లోపల దూర ప్రయాణం ఒకటి ఉంది, వెళ్లవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు

దూర ప్రయాణం వద్దు, దయచేసి మానుకోండి. నెమ్మదిగా వర్క్‌షాపు వరకు నడపడం వేరు, వేగంగా, నిండు బరువుతో గంటల తరబడి నడపడం వేరు. బేరింగ్ ముదిరే కొద్దీ వేడెక్కుతుంది, ఆ తర్వాత అది ఎంత త్వరగా పాడవుతుందో ఎవరూ చెప్పలేరు.

రెండూ మార్చనక్కర్లేదు. బ్రేకు ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు జతగా మారుస్తారు, బేరింగ్‌కు ఆ అవసరం లేదు. కుడిది నున్నగా తిరుగుతోందని మీరే చూశారు.

పని జరిగేటప్పుడు దగ్గర ఉండగలిగితే కొన్ని గమనించండి. మీ కారుది ప్రెస్‌తో దింపే రకం బేరింగ్ అయితే, దాన్ని నకిల్‌లోకి (హబ్‌ను పట్టి ఉంచే లోహపు భాగంలోకి) దింపేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద ఒత్తినా, సుత్తితో కొట్టినా ఆ దెబ్బ గుండ్లకు తగిలి కొత్త బేరింగ్ కూడా తొందరలోనే హోరు పెడుతుంది. ఏబీఎస్ కోసం ఒక వైపు అయస్కాంతపు పట్టీ ఉండే రకమైతే ఆ వైపు సెన్సార్‌కు ఎదురుగా ఉండాలి. తిరగేసి బిగిస్తే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, మళ్లీ అంతా విప్పాలి. హబ్ మధ్య నట్టు కొత్తది వేయించి, తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితోనే (బిగువును కొలిచే పానాతోనే) బిగించమనండి. అది బిగించేదాకా బండి బరువు ఆ చక్రం మీద పడకూడదు. షాక్ అబ్జార్బర్ బోల్టులు విప్పి ఉంటే తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) చూపించండి.

ప్రశ్న అడిగినవారు

బేరింగ్ మార్చారు. 80 దగ్గర కూడా హోరు లేదు, మామూలు గొంతుతో మాట్లాడుకోగలుగుతున్నాం. పాత బేరింగ్‌ను అడిగి తెచ్చుకున్నాను. చేత్తో తిప్పితే లోపల పట్టిపట్టి వదులుతోంది. గేర్‌బాక్స్ దింపే పని తప్పింది. మీ అందరికీ మనసారా కృతజ్ఞతలు. గరుకు రోడ్డు మీద వెనక నుంచి ఆ సన్నని రొద మాత్రం ఇంకా ఉంది.

టైర్ల పనిలో ఉన్న ఒకరు

అది టైర్లదే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల అరుగుదల గుర్తు దాకా రాలేదంటే, పగుళ్లు, ఉబ్బులు లేవంటే, ఆ రొద కోసం టైర్లు మార్చనక్కర్లేదు. వెనక షాక్ అబ్జార్బర్లు ఆయిలు కారుతున్నాయేమో చూపించండి, వెనక అలైన్‌మెంట్ కూడా ఒకసారి కొలిపించండి. ఎడమ ముందు చక్రం విప్పారు కాబట్టి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక దాని నట్లను మళ్లీ టార్క్ రెంచితో సరిచూసుకోండి.