బైక్ నేర్చుకోడానికి కోర్సు ఎందుకు? లైసెన్స్‌కి తప్పనిసరి చేయాలా వద్దా?

బెజవాడ_బుల్లెమ్మ:
ఇంట్లో మొదలైన గొడవ ఇక్కడికి తెచ్చా. నాకు స్కూటీ వచ్చు, గేర్ల బండి రాదు. నేర్చుకుంటానంటే మా అన్నయ్య "కాలేజీ గ్రౌండ్‌కి రా, రెండు సాయంత్రాల్లో నేర్పేస్తా" అంటాడు. నేనేమో ఫీజు కట్టి బేసిక్ రైడింగ్ కోర్సులో చేరదామనుకుంటున్నా. అది డబ్బు తగలేయడమట. అసలు నన్నడిగితే లైసెన్స్ కావాలంటే ఇలాంటి కోర్సు కంపల్సరీ అని పెట్టాలి. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది, అందులో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. కారు నేర్చుకోడానికి డ్రైవింగ్ స్కూల్‌కి వెళ్తే ఎవరూ ఏమీ అనరు, బైక్‌కి అనేసరికి ఎందుకు నవ్వుతారు?

వరంగల్_క్లచ్‌వైర్:
మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్ అక్కా. కోర్సులో ఖాళీ గ్రౌండ్‌లో కోన్లు పెట్టి వాటి మధ్య తిప్పుతారు, అంతే. మా వైపు కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టర్ పత్తి లోడుతో ముందర పోతుంటది, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మీదికి ఎక్కేదాకా కనపడదు. ఇవన్నీ కోన్లు నేర్పుతాయా? ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు ఉంటది. ఇక కంపల్సరీ చేస్తే ఏమవుతదో అందరికీ తెలుసు, లైసెన్స్ ఆఫీసు గేటు ముందు ఏజెంట్ల దగ్గర ఇంకో కాగితానికి ఇంకో రేటు.

డాలస్_దారిలో:
నేనుండే టెక్సాస్‌లో 2009 నుంచి కొత్తగా మోటార్‌సైకిల్ లైసెన్స్ తీసుకునే ప్రతి ఒక్కరూ, వయసుతో సంబంధం లేకుండా, కోర్సు చేయాల్సిందే. కొంత ఆన్‌లైన్‌లో చదవాలి, మిగతాది పార్కింగ్ స్థలంలో, వాళ్లిచ్చే చిన్న బండి మీద. నేను ఇండియాలో కాలేజీ రోజుల నుంచి నడిపినవాణ్ణి, నాకేం నేర్పుతారులే అనుకుంటూ వెళ్లా. మొదటి గంటంతా ఇంజిన్ రైజ్ చేయకుండా క్లచ్ ఒక్కదానితో బండిని నడక వేగంలో కదిలించడం, ఆపడం. తర్వాత ఉన్నట్టుండి బ్రేకు వేయడం, అడ్డం వచ్చినదాన్ని తప్పించడం. ఇవి విడివిడిగా ప్రాక్టీస్ చేయాల్సిన పనులని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

వరంగల్_క్లచ్‌వైర్:
మీ టెక్సాస్‌లోనే కదన్నా 21 ఏళ్లు నిండినోడు ఆ కోర్సు చేసి ఉంటే హెల్మెట్ లేకుండా తిరగొచ్చు? కోర్సు చేసినందుకు బహుమతి భలే ఉంది.

డాలస్_దారిలో:
ఆ చట్టం అలాగే ఉంది, హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నా మినహాయింపే. దాన్ని సమర్థించే ఓపిక నాకు లేదు. నేను మాట్లాడేది కోర్సు గురించి.

తెనాలి_లెక్కల_మాస్టారు:
రెండు వైపులా నచ్చని సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో 1981లో హర్ట్ రిపోర్ట్ అని వచ్చింది, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడే వెళ్లి పరిశీలించారు. ప్రమాదంలో పడ్డవాళ్లలో 92 శాతం సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. కోర్సు కావాలనేవాళ్లు ఈ అంకె చూపిస్తారు. కానీ ప్రమాదాలు జరగనివాళ్లలో కూడా ఎక్కువమంది అలాగే నేర్చుకుని ఉంటే ఆ 92తో తేలేదేముంది? పోనీ తర్వాతి అధ్యయనాలు చూద్దామంటే, 2010లో కొక్రేన్ అనే, ఆరోగ్య పరిశోధనలను సమీక్షించే సంస్థవాళ్లు వాటన్నిటినీ ఒకచోట పెట్టి సమీక్షించి, శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గుతాయని గట్టిగా చెప్పడానికి నాణ్యమైన ఆధారాలు లేవన్నారు. ఇంకా తమాషా ఏంటంటే, కంపల్సరీ శిక్షణ వల్ల కొందరు లైసెన్స్ దాకా రాకుండానే మానేస్తారు, ఆ రకంగా ప్రమాదాలు తగ్గొచ్చు అని కూడా రాశారు.

బెజవాడ_బుల్లెమ్మ:
మాస్టారూ, ఆధారాలు చాలకపోవడం వేరు, పనికిరాదని తేలడం వేరు కదండీ.

తెనాలి_లెక్కల_మాస్టారు:
అవునమ్మా, వేరే. అందుకే చేరవద్దని అనలేదు. అందరి నెత్తినా రుద్దాలంటే మాత్రం ఇంతకంటే గట్టి ఆధారం చూపించాలి.

నేర్పేవాడు_కాకినాడ:
కొత్తవాళ్లకి బండి నేర్పడమే నా పని, కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకున్నా పర్లేదు. అన్నలు, బాబాయిలు బండి కదిలించడం బాగానే నేర్పుతారు, చిక్కంతా ఆపడం దగ్గరే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో పెద్దవాళ్లు "ముందు చక్రం బ్రేకు పట్టుకోకు, పల్టీ కొడతావ్" అని చెప్పి పంపిస్తారు. నిజానికి బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. బ్రేకు వేయగానే బరువు ముందుకి వస్తుంది, ముందు టైరు రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది, దాన్నే నమ్ముకుని కాలితో తొక్కితే లాకై జారుతుంది. పల్టీ భయం ఊరికే పుట్టలేదు, ముందు బ్రేకు ఒక్కసారిగా లాగినా, హ్యాండిల్ తిప్పి ఉండగా లాగినా, ఇసుక మీద లాగినా పడేస్తుంది. అందుకని హ్యాండిల్ తిన్నగా పెట్టి, మొదట మెల్లగా పట్టి, బరువు ముందుకి వచ్చాక ఇంకా గట్టిగా పట్టాలి, వెనకది దానికి తోడు. ఇది చదివితే రాదు, 20 స్పీడులో, తర్వాత 30లో, తర్వాత 40లో, చెయ్యి అలవాటు పడేదాకా చేయాలి. మీ వడ్ల రోడ్డు మీద ఇంట్లోవాళ్లెవరైనా ఇది చేయిస్తారా తమ్ముడూ? అందుకే ముందు ఖాళీ గ్రౌండ్.

ఇంకోటి, 60లో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. ట్రాక్టర్ కనబడి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లే లోపే ఆ 17 మీటర్లు అయిపోతాయి. స్పీడు రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగు రెట్లు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసేది), అంతలోపువాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకీ పడేది) పెట్టాలన్నారు, బాగానే ఉంది, కానీ జనం దగ్గరున్న పాత బండ్ల మాటేంటి?

వరంగల్_క్లచ్‌వైర్:
బ్రేకు సంగతి ఒప్పుకుంటా. అయితే కోర్సు కాదు, పరీక్ష మార్చమను. ఇప్పుడు లైసెన్స్ టెస్టంటే ఎనిమిది వేసుడే, కాలు కింద పెట్టకుండా తిప్పితే పాస్. ఫస్ట్ గేర్ దాటనోడు కూడా పాసైతడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో రూల్ 15 చదవండి, అత్యవసరంగా బండి ఆపగలడా లేదా చూడాలని అందులో ఉంది. మా దగ్గర టెస్టులో దాన్ని చేయించినోణ్ణి నేను చూడలే. గట్టి టెస్ట్ పెడితే ఎవడికి కావాల్నో వాడే కోర్సుకి పోతడు, మిగతావాళ్లు నాన్న దగ్గరే నేర్చుకుంటరు.

అమలాపురం_అక్క:
నాన్న దగ్గర, అన్న దగ్గర అంటున్నారు, నేర్పేవాళ్లు లేని ఆడవాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మగపిల్లలు పదో క్లాసులోనే, లైసెన్స్ వయసు రాకముందే, ఎవడిదో బండి తీసుకుని నేర్చేసుకుంటారు. మాకు ఆ అవకాశం ఎప్పుడు వచ్చింది? నేర్పేది దగ్గరివాళ్లే అయినా వెనక కూర్చుని అరుస్తుంటే ఉన్న ధైర్యం కూడా పోతుంది. అలాగని ఫీజు కట్టకపోతే లైసెన్స్ ఇవ్వమంటే కూలికి పోయేవాళ్లు, డెలివరీ పిల్లలు ఏం చేస్తారు? లైసెన్స్ లేకుండానే నడుపుతారు. కంపల్సరీ చేస్తే ఫ్రీగా నేర్పాలి, అది కూడా మండలానికి ఒకచోటైనా ఉండాలి. లేదంటే నా ఓటు వద్దు అనే.

బెజవాడ_బుల్లెమ్మ:
అక్కా, ఫీజు గురించి నేను ఆలోచించలేదు. కంపల్సరీ మాట పక్కన పెడతా. నేను మాత్రం చేరుతున్నా. కోర్సు వాళ్లు సొంత బండి తెచ్చుకోమంటున్నారు, అన్నయ్య పల్సర్ ఇస్తానన్నాడు, పర్లేదా?

నేర్పేవాడు_కాకినాడ:
మొదటిసారికి అది బరువెక్కువ తల్లీ, ఇంకెవరి దగ్గరైనా 100 సీసీ బండి దొరుకుతుందేమో చూడు. దొరక్కపోతే పల్సరే తెచ్చుకో, క్లచ్ లీవర్ నీ వేళ్లకి అందేలా ముందే సెట్ చేయించు, లెగ్ గార్డ్ లేకపోతే వేయించు, టైర్లలో గాలి చూసుకో. ఎల్ బోర్డు ముందూ వెనకా అంటించు. ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉన్నన్నాళ్లూ నేర్పేవాళ్లని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, స్నేహితురాలు అడిగినా సరే. చెప్పుల్లో రాకు, బూట్లు వేసుకో. హెల్మెట్ కోర్సు వాళ్లిస్తారని చూడకుండా నీ తలకి సరిపోయేది ఐఎస్ఐ మార్కుది కొనుక్కో, బెల్టు బిగించాక తల అటూ ఇటూ ఊపితే అది కదలకూడదు.

వరంగల్_క్లచ్‌వైర్:
పల్సర్ మీద లెగ్ గార్డ్ వేయిస్తే మీ అన్నయ్య ఊరుకుంటడా అక్కా? ముందు ఆయన్ని అడుగు.